నడిరాత్రి మెలకువ (సైబరాబాద్)

నిద్ర మధ్యలో తెలివి వచ్చి, మళ్లీ కునుకు పట్టకపోవడం. మెలకువ రావడం దానంతట అది జబ్బు కాదు. నిద్ర సుమారు 90 నిమిషాల ఆవృత్తాలుగా సాగుతుంది. ఒక్కోటి ముగిసేటప్పుడు నిద్ర పలచబడి అటూ ఇటూ ఒత్తిగిలుతాం, తెల్లారాక గుర్తుండదు. ఆ పలచని ఘడియలో మనసుకు పని దొరికితేనే చిక్కు.

హైదరాబాద్ ఐటీ ప్రాంతమైన సైబరాబాద్‌లో పనికి కొదవ లేదు. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక మాదాపూర్, గచ్చిబౌలి క్రమంగా అమెరికా గడియారంతో ముడిపడ్డాయి. చలికాలంలో కాలిఫోర్నియాలో ఉదయం 10 గంటల మీటింగంటే ఇక్కడ రాత్రి 11.30. తెర వెలుగు నిద్ర హార్మోను మెలటోనిన్‌ను అణచివేస్తుంది. కెఫీన్ సగం తగ్గడానికి దాదాపు 5 గంటలు పడుతుంది కనుక, రాత్రి 8 గంటల చాయ్ ఒంటిగంటకూ ఒంట్లోనే ఉంటుంది. మద్యం మొదట జోకొట్టినా, తర్వాత నిద్రను ముక్కలు చేస్తుంది. ఆన్‌కాల్ ఉద్యోగికైతే ఫోను మోగనక్కర్లేదు, మోగవచ్చన్న ఎదురుచూపే చాలు.

నైట్‌షిఫ్టు చేసి పగలు పడుకునేవారికి దేహ గడియారమే ఎదురు తిరుగుతుంది. దాని అణుస్థాయి యంత్రాంగాన్ని కనుగొన్న హాల్, రాస్‌బాష్, యంగ్‌లకు 2017లో నోబెల్ దక్కింది.

అన్నీ ఉద్యోగం మీదికే నెట్టకూడదు. గురకతో ఊపిరి ఆగడం, మధుమేహం వల్ల మాటిమాటికీ మూత్రానికి లేవడం కూడా కారణాలే. ఈ మెలకువ వారానికి కనీసం మూడు రాత్రుల చొప్పున మూడు నెలలు సాగితే వైద్యులు దీర్ఘకాలిక నిద్రలేమిగా పరిగణిస్తారు. మాత్రల కంటే ముందు ప్రవర్తనా చికిత్సను సూచిస్తారు.