మునిగే రాయి, తూచే రాయి

ముత్యాల వేటలో రెండు రకాల రాళ్ళుండేవి: మునిగేవాని పాదానికి కట్టేది ఒకటి, వర్తకుని తక్కెడలో వేసే తూనికరాయి మరొకటి. భారం, ద్రవ్యరాశి అని మనం బడిలో విడదీసి చదువుకున్న భేదమంతా ఈ రెండింటి నడుమ ఉంది.

1930ల ఆర్థికమాంద్యం, జపాను పెంపకపు ముత్యాలు కలిసి దెబ్బతీసేవరకు కతార్ తీరవాసులకు ప్రధాన జీవనాధారం ముత్యాలే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వేట సాగేది. మునిగేవాడు గవ్వాస్, పైన తాడు పట్టేవాడు సైబ్. నిండుగా ఊపిరి పీల్చిన మనిషి నీటిపై తేలతాడు. ఈదుకుంటూ దిగితే ఆ ఊపిరి దారిలోనే ఖర్చయిపోతుంది. అందుకే రాయి. నీటికి రెండున్నర రెట్ల సాంద్రత గల ఐదు కిలోల రాయి సముద్రంలో సుమారు మూడు కిలోల బరువుగానే కిందికి లాగుతుంది. ద్రవ్యరాశి మాత్రం ఐదు కిలోలే. పది మీటర్ల లోతున పీడనం రెట్టింపై, ఊపిరితిత్తులలోని గాలి సగానికి కుదించుకుపోతుంది. తేల్చే బలమూ ఆ మేరకు తగ్గుతుంది. అడుగు చేరగానే గవ్వాస్ రాయిని వదిలేవాడు, సైబ్ దాన్ని పైకి లాగేసేవాడు. తర్వాత మనిషిని పైకి చేర్చేవీ ఆ సైబ్ చేతులే.

తూనికరాయి తీరు వేరు. 1672లో ఫ్రెంచి ఖగోళజ్ఞుడు రిషే తన లోలక గడియారం పారిస్‌లోకంటే కయెన్‌లో రోజుకు రెండున్నర నిమిషాలు వెనకబడటం గమనించాడు. భూమధ్యరేఖ దగ్గర గురుత్వం తక్కువన్న తన వాదానికి న్యూటన్ దీనిని ఆధారం చేసుకున్నాడు. ఆ లెక్కన హైదరాబాదులో స్ప్రింగు త్రాసుపై 65 కిలోలు తూగిన మనిషి అదే త్రాసుపై దోహాలో దాదాపు 40 గ్రాములు ఎక్కువ తూగుతాడు. (లావయ్యామని బెంగపడే ముందు ఇది గుర్తుంచుకోవచ్చు.) రెండు పళ్ళేల తక్కెడకు ఈ తేడా అంటదు, గురుత్వం ముత్యం మీదా, రాయి మీదా ఒకే పాళ్ళలో మారుతుంది. గల్ఫులో తూచిన ముత్యం బొంబాయిలోనూ అంతే తూగింది.

గోలకొండ వజ్రాల వర్తకంలో టావెర్నియే పేర్కొన్న మాంగెలిన్ అనే తూనిక మన మంజాళి, అంటే బండి గురివింద గింజ. బరువు వర్గాన్నిబట్టి వజ్రానికి ధర కట్టే సూత్రాన్నీ అతడు నమోదు చేశాడు. గల్ఫు, బొంబాయి ముత్యాల వర్తకుల ‘చౌ’ లెక్కలోనూ ఉన్నది వర్గమే. కనుక తూకంలో నూటికి ఐదు తగ్గితే ధరలో నూటికి దాదాపు పది పోతుంది.

ఆ తక్కెడ ముందు కూర్చునేది పడవ నఖుదా, వర్తకుడు, గవ్వాస్ కాదు. అతనికి దక్కేది వాటా. వేటకు ముందు తీసుకున్న అడ్వాన్సు అందులోంచే మినహాయించేవారు. చాలకపోతే అప్పు మరుసటి ఏటికి, కొన్నిసార్లు కొడుకు మీదికి జరిగేది.