ఆకు రాలిన జాడ



శిశిరమున ఆదిలాబాదు అడవులకు పోయి చూచినచో టేకుచెట్లు ఆకు రాల్చి మోడులై కనబడును. అవి చచ్చినవి కావు. ఆకు రాలుట చెట్టు బ్రతుకులోని ధర్మము. మన దేహమందును కాలము తీరిన కణములు ఇట్లే తమంత తాము రాలిపోవుచుండును. 1972లో కెర్, వైలీ, కర్రీ అను మువ్వురు శాస్త్రజ్ఞులు ఈ మరణమునకు 'అపొప్టోసిస్' అని పేరిడిరి. గ్రీకు భాషలో అది ఆకురాలుటను తెలుపు మాట. దానిని వారికి సూచించినవాడు స్కాట్లండులోని అబర్డీను విశ్వవిద్యాలయపు గ్రీకు ఆచార్యుడు. వైద్యులకు మాట కావలసివచ్చి భాషాపండితుని యొద్దకు పోయిరన్నమాట!

రాచపుండు కణములు ఈ ధర్మమును మరచినవి. అవి రాలక పెరుగుటచేతనే కంతి యేర్పడును. వానిని చంపుటకు మందులు పుట్టినవి. 1895లో భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందము అమెరికాలో సిద్ధపరచిన అమినోప్టెరినుతో, బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బరు కొందరు బిడ్డల రక్తపు క్యాన్సరును కొంతకాలము అణచగలిగెను. ఆ సంగతి 1948లో ప్రకటితమైనది.

అయితే మందు పనిచేయుచున్నదని తెలియుట యెట్లు? కంతి చిక్కువరకు వేచియుండిన వారములు, నెలలు గడచును. పనిచేయని మందైనచో అంతకాలము రోగికి బాధయే మిగులును.

దీనికి ఉపాయము పాతదే. 1923లో హెవెసీ అను హంగరీ దేశీయుడు రేడియోధార్మికమైన సీసమును నీట కలిపి చిక్కుడుజాతి మొక్కలకు పెట్టి, అది వేళ్లనుండి ఎచ్చటికి పోయినదో కిరణముల జాడనుబట్టి కనుగొనెను. చనిపోవు కణము తన పొరలో లోపలివైపున దాగియుండు ఒక కొవ్వుపదార్థమును వెలుపలికి త్రిప్పును. అనెక్సిన్ అను మాంసకృత్తు దానిని పట్టుకొనును. 1998లో అమెరికా శాస్త్రజ్ఞులు అనెక్సినునకు టెక్నీషియమును తగిలించి, బ్రతికియున్న జంతువుల దేహములో కణములు చచ్చుచోటును చిత్రముగా చూపిరి. ఈ పద్ధతి యింకను నిత్యచికిత్సలోనికి రాలేదు.

నేడు వాడుకలో నున్నది పెట్ పరీక్ష. ఇందు చక్కెరవంటి ద్రవ్యమును సూదిమందుగా ఎక్కింతురు. కంతికి చక్కెర ఆకలి మెండు; ఆ ఆకలి తగ్గినచో మందు పారినదని వైద్యుడు ఊహించును. ఇది మరణమును నేరుగా చూపదు, వాపున్నచోటను వెలుగును. కావున దీనిని చదువుటకు అనుభవము కావలెను.

ఆ ద్రవ్యపు బలము 110 నిమిషములకు సగమగును. అది రోగికొరకు నిలిచియుండదు. కరీంనగరు, ఆదిలాబాదు పల్లెలనుండి హైదరాబాదునకు పోవువారు ముందునాడే చేరుట మేలు. వైద్యులు చెప్పినన్ని గంటలు ఉపవాసముండవలెను; మధుమేహమున్నచో ముందే తెలుపవలెను. ఊరిలో ఎవరికైన ఈ పరీక్ష వ్రాసినచో, పెద్దలైన మీరు ఈ నాలుగు మాటలు వారికి చెప్పి పంపుదురుగాక.