మోటారుసైకిలు ముందు ఫోర్కు: విడిభాగముల సేకరణము

మోటారుసైకిలు ముందుచక్రమును ఇరువైపుల పట్టి నిలిపి, త్రోవలోని యెగుడుదిగుడుల తాకిడిని తనలో నణచుకొని, హ్యాండిలు త్రిప్పినపుడు చక్రమును దారికి మలపు జంట గొట్టముల యమరికకు ఫోర్కు అని పేరు. మెకానిక్కులు దీనినే ముందు షాకప్‌లందురు. 1935లో జర్మనీ దేశపు బి.ఎమ్.డబ్ల్యు. సంస్థ తన ఆర్ 12 బండికి, నూనెతో కుదుపు నణచు టెలిస్కోపిక్ ఫోర్కును అమర్చినది మొదలు, అంతవరకు వాడుకలో నున్న గర్డరు ఫోర్కు క్రమముగా మరుగుపడెను. టెలిస్కోపిక్ ఫోర్కులో అరుగు భాగములు కొలదియే యైనను, వానికి సరియైన ప్రతిని వెదకి తెచ్చుట, విశేషించి తయారీ నిలిచిపోయిన బండ్ల విషయమున, ఓర్పును కొలతల పరిజ్ఞానమును కోరు కార్యము.

ఫోర్కు కాలు ఒక్కొక్కదానిలో రెండేసి గొట్టము లుండును. గట్టి క్రోమియము పూతగల ఉక్కు గొట్టమును ఫోర్కు పైపు అనియు, చక్రపు ఇరుసును పట్టు అల్యూమినియపు పోతను బాటమ్ అనియు బజారులో పిలుతురు. లోపల స్ప్రింగు, డ్యాంపరు రాడ్డు, కొన్నింట బుష్‌లు, కొలత ప్రకారము నూనె యుండును. బాటమ్ మూతికడ ఆయిల్ సీలు, దానిని కదలనీయని క్లిప్పు, ఆపైన దుమ్ము నాపు డస్టు సీలు కలవు. వీనిలో మొట్టమొదట చెడునది ఆయిల్ సీలు. పైపుపై నూనె వలయము కనబడుట తొలి సూచన. ఉపేక్షించినచో ఆ నూనె జారి, డిస్కు బ్రేకుగల బండ్లలో ప్యాడ్లను తడిపి, ప్రాణములకే ముప్పు తెచ్చును. అయితే సీలు కొనబోవుటకు ముందు పైపును పరీక్షింపవలెను. సీలు పెదవి ఆడు మేరను శుభ్రముగా తుడిచి, గోటితో పైనుండి క్రిందికి గీసి చూచినపుడు, గోరు తగులుకొన్న చోటనెల్ల క్రోమియము లేచి త్రుప్పు గుంట పడియున్నదని యర్థము. ఆవగింజలో సగమైనను లేని ఆ గుంట అంచు క్రొత్త సీలు పెదవిని కొలది దినములలోనే కోసివేయును. ఎన్ని సీళ్లు మార్చినను కారుట ఆగలేదని సీలునే నిందించువారి బండ్లలో దోషము తరచుగా పైపుదే.

భాగమును గుర్తించుటకు బండి పేరు చాలదు. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 అను పేరు మారకయే, 2021లో వెలువడిన క్రొత్త రూపమున ఫోర్కు పైపు వ్యాసము 35 మి.మీ. నుండి 41 మి.మీ.కు పెరిగినది గనుక, అంగడిలో కేవలము ఆ పేరు చెప్పి సీలు నడిగినవానికి పొరపాటు వస్తువు లభించుట సహజము. పేరుకంటె నమ్మదగినది పార్టు నంబరు. యమహావారి నంబరులో మొదటి మూడక్షరములు మోడలు సంకేతము. తరువాతి యైదంకెలు భాగమును సూచించును: 23110 లోపలి పైపు, 23141 స్ప్రింగు, 23145 ఆయిల్ సీలు. హోండావారి పద్ధతిలో భాగపు సంఖ్య ముందు వచ్చును: 51410 ఫోర్కు పైపు. నడుమ నుండు సంకేతము ఆ భాగమును తొలుత ఏ మోడలుకై రూపొందించిరో తెలుపును. ఈ చిన్న సంగతిని గ్రహించినవానికి వెదకుట సగము తీరినట్లే. ఏలయనగా, తన బండి పార్టుల పుస్తకమున ఒక భాగపు నంబరు నడుమ మరియొక మోడలు సంకేతము కనబడెనేని, ఆ మోడలు పేరిట అదే నంబరుతో దొరకు భాగము తన బండికిని సరిపడునని నిశ్చయముగా తెలిసికొనవచ్చును. నంబరు పాతబడి దాని స్థానమున క్రొత్తది వచ్చియున్నచో, డీలరు కడ దానిని విచారింపవచ్చును. ఫోర్కులను బండి సంస్థలు పెక్కు తావుల స్వయముగ చేయక గేబ్రియల్, ఎండ్యూరెన్స్, ముంజల్ షోవా వంటి సంస్థలవద్ద చేయించుకొనును గనుక, బాటమ్‌పై పోతలో వచ్చిన తయారీదారు గుర్తును గూడ వ్రాసికొని పోవుట మేలు.

నంబరు దొరకనిచో కొలతయే శరణ్యము. సీలు ముఖమున 41×54×11 వలె మూడు కొలత లుండును. వరుసగా లోపలి వ్యాసము, వెలుపలి వ్యాసము, ఎత్తు. అక్షరములు అరిగిపోయినయెడల పైపును, బాటమ్ గూటిని వెర్నియరు కాలిపరుతో కొలువవలెను. సీలును కొలిచినచో రబ్బరు సాగియుండుటచే మోసపోవుదుము. మూడు కొలతలు కలిసిన పక్షమున, వేరొక బండికై చేసిన సీలైనను చక్కగా పనిచేయును.

మైసూరున ఐడియల్ జావా సంస్థ చేసిన యెజ్డీ, ఎస్కార్ట్స్ చేసిన యమహా ఆర్ ఎక్స్ 100, ఈ రెండును 1996లో తయారీ నిలిచిపోయినవి. 2018లో జావా పేరు మరల వెలసినను, ఆ క్రొత్త బండి ఫోర్కు భాగములు పాతవానికి నప్పవు. ఇట్టి బండ్ల యజమానులకు ఢిల్లీ కరోల్ బాగ్, చెన్నై పుదుపేట, బెంగుళూరు జె.సి. రోడ్డు, హైదరాబాదు రాణీగంజ్, విజయవాడ ఆటోనగర్ వంటి చోట్లు తిరుగుట తప్పదు. అచట లభించు క్రొత్త నకలు పైపులలో మేలైనవి యున్నను, క్రోమియము పలుచనై ఒక వర్షాకాలమునకే పొక్కునవియు కలవు. అట్టిదానికంటె, వంకర లేని పాత అసలు పైపుకు గట్టి క్రోము వేయించుటయే శ్రేయము. పాత పూతను తీసి, గుంటలు పోవువరకు పైపును సానపట్టి, మందముగా క్రోము వేసి, పిమ్మట గ్రైండింగుతో మొదటి వ్యాసమునకు తేవలెను. బంపర్లకు వేయు అలంకారపు పూత దీనికి పనికిరాదు.

విడదీసిన బండ్లనుండి వచ్చిన పైపులలో పెక్కు ముందుచక్రము గుద్దుకొన్న బండ్లవే గనుక, పరీక్షింపక కొనరాదు. పైపును రెండు వి-బ్లాకులపై నుంచి, నడుమ డయల్ గేజి ఆనించి మెల్లగా త్రిప్పవలెను. సూది జరిగిన మొత్తములో సగము వంకరగా నెంచి, అది 0.2 మి.మీ. మించినచో పెక్కు బండ్లకు త్యాజ్యము. గేజి లేనిచోట మందపు గాజుపలకపై దొర్లించి, అడుగున వెలుతురు కనబడునేమో చూతురు. స్వల్పపు వంకరను ప్రెస్సుపై సరిచేయుదురు. మడత పడిన పైపును మాత్రము ఎంత చవుకగా నిచ్చినను వదలివేయవలెను.

సీళ్లను, స్ప్రింగులను జంటగా మార్చుట మంచిది. ఒక కాలి స్ప్రింగు పాతదై క్రుంగి, రెండవది క్రొత్తదైనచో రెండు కాళ్ల బలము సమముగా నుండదు. క్లిప్పు, అడుగు బోల్టు రాగి వాషరు చిన్నవని మరువరాదు. పుస్తకమున చెప్పిన గ్రేడు నూనెను రెండు కాళ్లలో సమానముగా పోసి, స్ప్రింగు తీసియుండగా పైపును పూర్తిగా క్రిందికి దించి, మూతి అంచునుండి నూనె మట్టమును స్కేలుతో కొలిచి సరిచూచిన పిమ్మటనే పై మూతబోల్టును బిగింపవలెను.