పై చదువునకు పైకము

గ్రామ పెద్దలారా! హైస్కూలు దాటిన బాలుని పైకి చదివించుటకు సొమ్మెక్కడిదని మీరడుగుదురు. టంగుటూరి ప్రకాశముగారి చరిత్రయే నాకు తోచు సమాధానము.

తండ్రి గతించిన పిమ్మట తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ల యిల్లు నడపి పిల్లలను పోషించిరి. ఉపాధ్యాయులగు ఇమ్మానేని హనుమంతరావునాయుడుగారు శిష్యుని రాజమహేంద్రవరమునకు దోడ్కొనిపోయి పై చదువు చదివించిరి. ప్రకాశముగారు మద్రాసులో న్యాయశాస్త్రము నేర్చి, వకీలుగా పేరొంది, 1904లో ఇంగ్లండునకేగి, 1907లో బారిష్టరై మరలివచ్చిరి.

మొత్తము సొమ్మొకచోట దొరకలేదు. తల్లి శ్రమ, గురుని దయ, స్వయంకృషి ఒక్కొక్క మెట్టును గట్టినవి. అట్టి గురువు లభింపని బాలుని గతి యేమి? ఆ తావున గ్రామమే నిలువవలెను. చదువు ముగిసిననాడు గాక, పంట యింటికి వచ్చిననాడే కొంత వేరుగా నుంచుడని నా మనవి.