అద్దె తుపాకుల పటాలము

కోరుట్ల నుండియో సిరిసిల్ల నుండియో జగిత్యాలకు పోయినవారు అక్కడి నక్షత్రాకారపు కోటను చూడకుండ రారు. 1747లో జఫరుద్దౌలా దానిని ఫ్రెంచి ఇంజనీర్లచే కట్టించెను. ఫ్రెంచివారి యుద్ధవిద్యకు మన ప్రాంతమున ఆనాడెంత పేరుండెనో ఆ బురుజులను చూచి మనము గ్రహింపవచ్చును.

ఆ పేరే తరువాత నిజాం అలీఖానును రేమాండు వైపు త్రిప్పినది. రేమాండు మొదట మూడువందల సిపాయిలను కూర్చుకొని, వారి తుపాకులను తన దేశపు వర్తకుని వద్ద నెలకు ఎనిమిదణాల అద్దెకు తెచ్చెనట! అద్దె తుపాకులతో పుట్టిన ఆ పటాలమే కాలక్రమమున పదివేలు దాటినది. హైదరాబాదులో ఫిరంగులు పోతపోయు కార్ఖానాయు వెలసినది.

ఇంత సొమ్ము పోసిన ప్రభువునకు 1795 మార్చిలో ఖర్డా వద్ద దక్కినదేమి? మరాఠాల ఎదుట రేమాండు సిపాయిలు బాగుగనే పోరాడినారు. ప్రభువే రాత్రివేళ వెనుదిరిగి ఖర్డా కోటలో దూరి, ముట్టడిలో చిక్కి, సంధికి తలయొగ్గెను. లోపము తుపాకులలో లేదనియే మా అభిప్రాయము. ఆయనకును అట్లే తోచెను కాబోలు, పటాలమును మరింత పెంచెను.

1798 మార్చిలో రేమాండు మరణించెను. సెప్టెంబరులో ఇంగ్లీషువారితో క్రొత్త ఒడంబడిక. అక్టోబరులో, జీతములు బకాయిపడిన సిపాయిలు తమ దొరలపైననే తిరుగబడియున్న సమయమున, కుంపిణీ సైన్యము వారిని చుట్టుముట్టినది. రక్తపాతము లేకుండనే ఆ తుపాకులన్నియు నేలపై పెట్టబడినవి.