బొగ్గు బూడిద ద్రవీభవన పరీక్షలో చిత్ర విశ్లేషణ

బొగ్గు మండగా మిగిలిన బూడిద ఏయే ఉష్ణోగ్రతల వద్ద మెత్తబడి, కరిగి, ప్రవహిస్తుందో నిర్ణయించే ప్రయోగశాల పరీక్షను బొగ్గు బూడిద ద్రవీభవన పరీక్ష అంటారు. పూర్వం పరీక్షకుడు కొలిమి కిటికీ గుండా స్వయంగా చూసి ఈ ఉష్ణోగ్రతలను నమోదు చేసేవాడు. ప్రస్తుతం అనేక ప్రయోగశాలలలో కెమెరా తీసిన చిత్రాలను కంప్యూటరు సాఫ్టువేరు విశ్లేషించి వీటిని నిర్ణయిస్తున్నది.

ప్రాముఖ్యత

బూడిద అనేది సిలికా, అల్యూమినా, ఇనుము ఆక్సైడు, సున్నం మొదలైన పదార్థాల మిశ్రమం. అందువలన మంచుగడ్డకు వలె దీనికి ఒకే ద్రవీభవన స్థానం ఉండదు. థర్మల్ విద్యుత్ కేంద్రపు బాయిలరులో బూడిద కరిగినచో, అది గొట్టాలకు అంటుకొని చిట్టెంగా గట్టిపడుతుంది. అప్పుడు గొట్టాలలోని నీటికి వేడి సరిగా అందదు. పెద్ద చిట్టెం గడ్డలు ఊడిపడి గొట్టాలను దెబ్బతీయవచ్చు. భారతదేశపు గోండ్వానా బొగ్గులో బూడిద ఎక్కువ. అయితే అందులో సిలికా, అల్యూమినా అధికంగా ఉండుటచే అది సాధారణంగా ఎక్కువ ఉష్ణోగ్రత వద్దనే కరుగుతుంది.

నాలుగు ఉష్ణోగ్రతలు

మెత్తగా నూరిన బూడిదను చిన్న పిరమిడ్ లేదా స్తూపం ఆకారంలో అచ్చువేసి, కొలిమిలో క్రమంగా వేడిచేస్తారు. ఐఎస్ఓ 540 ప్రమాణం నాలుగు దశలను గుర్తిస్తుంది.

* విరూపణ ఉష్ణోగ్రత: మొన లేదా అంచులు మొదటిసారిగా గుండ్రబడే దశ.
* గోళ ఉష్ణోగ్రత: పిరమిడ్ అయితే ఎత్తు, అడుగు వెడల్పు సమానమయ్యే దశ, స్తూపమైతే ఎత్తు మారకుండానే అంచులన్నీ పూర్తిగా గుండ్రబడే దశ.
* అర్ధగోళ ఉష్ణోగ్రత: ఎత్తు, అడుగు వ్యాసంలో సగమయ్యే దశ.
* ప్రవాహ ఉష్ణోగ్రత: ఎత్తు, అర్ధగోళ దశలోని ఎత్తులో మూడవ వంతుకు తగ్గే దశ.

కొలిమిలోని వాయువును బట్టి ఫలితం మారుతుంది. క్షయకరణ వాతావరణంలో ఫెర్రస్ ఆక్సైడు ఏర్పడి, ఇనుము అధికంగా గల బూడిద త్వరగా కరుగుతుంది.

సాఫ్టువేరు పనిచేసే విధానం

ఉష్ణోగ్రత కొద్ది కొద్దిగా పెరిగినప్పుడల్లా కెమెరా ఒక చిత్రాన్ని తీస్తుంది. సాఫ్టువేరు చిత్రాన్ని నలుపు తెలుపులుగా విడగొట్టి, నమూనా అంచురేఖను గుర్తించి, ఎత్తు, అడుగు వెడల్పు, వైశాల్యం, మూలల కోణాలను లెక్కిస్తుంది. ఈ కొలతలు పై నిర్వచనాలకు సరిపోయినప్పటి ఉష్ణోగ్రతను నమోదు చేస్తుంది. చిత్రాలు భద్రపరచబడతాయి కనుక, సందేహం కలిగినచో మరల పరిశీలించవచ్చు.

పరిమితులు

అధిక ఉష్ణోగ్రత వద్ద నమూనా, కొలిమి గోడలు ఒకే విధంగా ప్రకాశించుటచే అంచు స్పష్టంగా కనిపించదు. కొలిమి వెలుగులో నీలి భాగం తక్కువ కాబట్టి, వెనుకనుండి నీలికాంతిని ప్రసరింపజేసి, కెమెరాకు నీలి వడపోత అమర్చి ఈ ఇబ్బందిని తగ్గించవచ్చు. నమూనా బుడగలతో ఉబ్బినా, ఒక ప్రక్కకు ఒరిగినా సాఫ్టువేరు పొరపడవచ్చు. అంచులు పదునుగానే ఉండగా నమూనా కుంచించుకొనిపోతే దానిని విరూపణగా లెక్కించరాదు. విరూపణ ఉష్ణోగ్రతను నిర్ణయించడం మిగిలిన వాటికంటే కష్టం, ఎందుకనగా దాని నిర్వచనంలో ఎత్తు వెడల్పుల నిష్పత్తి లేదు. ఉష్ణమాపకం సరిగా ఉన్నదో లేదో 1064 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగే బంగారం వంటి శుద్ధ లోహంతో సరిచూస్తారు. కొలత తప్పినచో ఎంత చక్కని చిత్ర విశ్లేషణ అయినా తప్పు ఫలితాన్నే ఇస్తుంది.

ఇవి కూడా చూడండి

* బొగ్గు
* థర్మల్ విద్యుత్ కేంద్రం
* ద్రవీభవన స్థానం