పొయ్యికి ఇచ్చిన ఇనాం

పానగల్లుకు వచ్చిన యాత్రికుడు ముందుగా చూడగోరేది ఛాయా సోమేశ్వరాలయం. కందూరు చోళుల నాటి ఆ త్రికూటాలయంలో ఒక గర్భగుడి గోడమీద పగలంతా కదలని నీడ నిలిచి ఉంటుంది. ఆ నీడను చూసి అందరూ అబ్బురపడతారు. నాకు మాత్రం అక్కడికి వెళ్లినప్పుడల్లా దీపం స్ఫురిస్తుంది.

ఆ కాలంలో గుడికి దీపం సమర్పించడమంటే ఏమిటో శాసనాలు చదివినవారికి తెలుసు. ద్రాక్షారామ శాసనాలలో అఖండవర్తి దీపాలకు చేసిన దానాలు కోకొల్లలు. దాత ప్రమిదెనిచ్చి చేతులు దులుపుకోలేదు. గొర్రెలనో ఆవులనో ఇచ్చాడు. వాటిని మేపే బోయని పేరు చెక్కించాడు. అతడూ అతని సంతతివారూ దినదినమూ ఇంత నెయ్యి కొలిచి ఇవ్వాలని కట్టడి చేశాడు. అంటే ఆ దానపత్రంలో రేపటి నెయ్యి కూడా ఉంది.

ఇప్పుడు గుడినుండి వంటింటికి వద్దాం. ఇంట్లో ఇంధనం ఆదా కావడానికి ప్రభుత్వం ధనసహాయం చేయడం చాలా దేశాలలో ఉన్నదే. అమెరికాలో 1976లో బీదల ఇళ్లను చలికి తట్టుకొనేలా బాగుచేయించే పథకం పుట్టింది. బ్రిటన్‌లో 1978లో చట్టం చేసి, ఇంటికప్పు కింద వేడిని నిలిపే పొరలు పరచుకొనేందుకు గ్రాంటు ఇచ్చారు. చలిదేశాలవారికి వేడి బయటికి పోకూడదు. మనకు పొగ లోపల నిలవకూడదు. అందుచేత మన గ్రాంటు గోడకూ కప్పుకూ కాక ముందుగా పొయ్యికి వచ్చింది.

ఈ కథలో మన హైదరాబాదుకు పెద్దపీట వేయాలి. వార్ధాలో గాంధీజీ అనుయాయులు 1947లో రూపొందించిన ‘మగన్ చుల్హా’ తరువాత దేశంలో పేరొందిన పొగలేని పొయ్యి హైదరాబాదు ఇంజనీరింగ్ రీసెర్చ్ లేబొరేటరీస్‌లో తయారైంది. నల్లగొండ అప్పుడు హైదరాబాదు రాష్ట్రంలోని జిల్లా. దాని రూపకర్త డాక్టర్ ఎస్.పి. రాజు. ఆయన పుస్తకం ‘స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్’ 1953లో మద్రాసులో అచ్చయింది. ఆనకట్టలూ కాలువలూ చూసుకొనే ఇంజనీర్ల లోకంలోనుండి ఒకరు వంటింటి గడప తొక్కి, ఇల్లాలి కంటినీటిని పరిశోధనాంశంగా స్వీకరించడం సామాన్య విషయం కాదు.

ఆ పొయ్యి ఉపాయం సులభమైనదే. మట్టితో మూసి కట్టిన పొయ్యిలో మంట మొదటి గిన్నెను తాకి, సొరంగంవంటి దారిలో రెండవ గిన్నె కిందికి పోయి, మిగిలిన పొగ గొట్టంగుండా ఇంటి కప్పు దాటుతుంది. మూడురాళ్ల పొయ్యిలో కట్టె వేడిలో ఇంచుమించు పదోవంతే గిన్నెకు చేరుతుంది. 1983లో కేంద్రప్రభుత్వం ప్రారంభించిన మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం అది కనీసం ఐదోవంతు కావాలని నియమం పెట్టింది. ఖర్చులో అధికభాగం సబ్సిడీ. 2002లో ఆ కార్యక్రమాన్ని రాష్ట్రాలకు అప్పగించేనాటికి దేశంలో మూడుకోట్లకు పైగా పొయ్యిలు వేసినట్లు లెక్క తేలింది.

లెక్క సరే, పొయ్యిల సంగతేమిటి? నేను చూసిన ఒక ఇంట్లో అటువంటి పొయ్యి మీద ఉప్పుజాడీ, పప్పుడబ్బా కొలువుతీరి ఉన్నాయి. వంట మాత్రం పక్కనే మూడు రాళ్ల మీద జరుగుతున్నది. ‘‘ఎందుకమ్మా ఇట్ల?’’ అని అడిగాను. ‘‘సారూ, గొట్టం మూసుకపోయింది. కట్టినాయన మళ్ల రాలె. కందికట్టె సన్నగ ఇరిచి పెట్టాలె. జొన్నరొట్టెకు మంట సాలది’’ అన్నది ఆ ఇల్లాలు. ఊదుగొట్టం పక్కన పెట్టి, కొంగుతో కళ్లు తుడుచుకొని, మళ్లీ రొట్టె తట్టసాగింది. ఆమె చెప్పిన నాలుగు మాటలలో ఒక పథకపు చరిత్ర అంతా ఉన్నది.

ఆ మాటనే తరువాత పండితులు శాస్త్రీయంగా నిరూపించారు. ఒడిశాలో రీమా హన్నా, ఎస్తేర్ డఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్ మెరుగైన పొయ్యిలు పొందిన ఇళ్లను నాలుగేళ్లు పరిశీలించి 2012లో ఫలితాలు వెల్లడించారు. మొదటి ఏడాది పీల్చే పొగ తగ్గింది. తరువాత ఆ మేలు నిలవలేదు. బాగుచేసుకోవడమూ, సరిగా వాడడమూ కొరవడడమే కారణమని తేల్చారు.

గోబర్ గ్యాసు కథ మరొకటి. 1981లో దానికీ జాతీయ పథకం వచ్చింది, సబ్సిడీ వచ్చింది. రెండు ఘనమీటర్ల ప్లాంటుకు రోజూ యాభై కిలోల పేడ కావాలి. అంటే నాలుగైదు పశువులుండాలి. కరువు వచ్చి పశువులను అమ్ముకున్న ఇంట్లో ఆ గుంత ఏం చేస్తుంది? 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం వచ్చింది. మహిళాసంఘాల సభ్యుల గ్యాసు కనెక్షను డిపాజిట్టు వెయ్యి రూపాయలు ప్రభుత్వమే చెల్లించింది. నిజంగా గొప్ప మేలు. అయితే రెండవ సిలిండరు కొనవలసింది ఆ ఇల్లాలే. కట్టెలు ఊరికే దొరికే చోట చాలామంది గ్యాసును చుట్టాలు వచ్చిననాటికి దాచుకున్నారు. 2016 నాటి ఉజ్జ్వల పథకంలోనూ మళ్లీ నింపించుకోవడం దగ్గరే చిక్కు వచ్చింది.

ఇదంతా పథకాలను దెప్పడానికి రాయడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2020 ఒక్క ఏడాదిలో ఇంటిపొగ 32 లక్షల ప్రాణాలను బలిగొన్నది. అటువంటి పొగను తరమడానికి పెట్టిన ప్రతి రూపాయీ ధర్మకార్యమే. నా బాధ అల్లా ఆ ధర్మం నడిమధ్యలో ఆగిపోయిందని.

2024 ఫిబ్రవరిలో వచ్చిన సూర్యఘర్ పథకం ఇంటికప్పు మీది సౌరఫలకాలకు మూడు కిలోవాట్లకు 78 వేల రూపాయల సబ్సిడీ ఇస్తున్నది. మా నల్లగొండ ఎండకు అది తగిన పథకమే. కానీ ఆ ఫలకాలపై దుమ్ము ఎవరు తుడుస్తారు, చెడితే ఎవరు వస్తారు అన్న ప్రశ్న పొగగొట్టం నాటిదే.

మన పూర్వులు దేవుడి దీపానికి మందనూ, మేపేవాడినీ, రోజువారీ నెయ్యినీ కలిపి దానం చేశారు. ఇల్లాలి పొయ్యికి ఇచ్చిన ఇనాంలో పొయ్యి ఒక్కటే ఉంది. గొట్టం తుడిచే బోయని పేరు ఏ జాబితాలోనూ లేదు.

మీ ఊళ్లో ఆ పొయ్యిలు ఇంకా వెలుగుతున్నాయా? చూసి చెప్పగలరు.

స్వస్తి.